సంతకం దగ్గర ఆగిన గొంతు

"కుళ్లాయప్పా... కుళ్లాయప్ప ఎవురప్పా?"

నూరుల్లా ఒక చేత్తో రేషన్ కార్డు పైకెత్తి పిలుస్తున్నాడు. ఇంకో చేత్తో సెల్లు చెవికి ఆనించుకుని ఉన్నాడు. గొర్రెల లోను అప్లికేషన్లకు ఆ రోజే ఆఖరు. ప్రొద్దుటూరు పాత బస్టాండు సందులో ఎటు చూసినా కంబళ్ళు, చేతికర్రలు, ఉన్ని వాసన. కార్డులన్నీ ఒకేసారి తీసుకుని, జిరాక్సు కొట్టి, బళ్ళో హాజరు పిలిచినట్టు పేరు పేరునా పిలిచి ఇవ్వడం ఆ అంగడి పద్ధతి.

"నేనేప్పా," అంటూ ఒక పెద్దాయన జనంలోంచి దారి చేసుకుని వచ్చాడు. ఎండకు కాలి నల్లబడిన ముఖం, గడ్డంలో అక్కడక్కడా తెలుపు. కార్డు తీసుకుని పోకుండా మిషను వైపు అనుమానంగా చూశాడు. ఈ పెట్టె లోపల నా బొమ్మ ఏమన్నా మిగిలిపోతాదా అబ్బోడా అని అడిగాడు. నీ బొమ్మ మిగిలితే మిషనే చెడిపోతాది పో మామా అని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. నూరుల్లా చెవి దగ్గరి సెల్లు తీయకుండానే, వెలుతురు పోతాది వస్తాది, లోపలేమీ మిగల్దు పెద్దాయనా అన్నాడు.

అది అబద్ధం. ఆ సంగతి నూరుల్లాకు తెలుసు.

కుళ్లాయప్ప నమ్మాడు. పెన్ను అడిగి తీసుకుని, బల్ల మీదికి వంగి, లోను కాగితం మీద సంతకం పెట్టాడు. గొర్రెల్ని దొడ్లోకి ఒక్కొక్కటిగా తోలినట్టు ఒక్కో అక్షరాన్నీ జాగ్రత్తగా తోలాడు. ఆరు నెలలు రాత్రిబడికి పోయి నేర్చుకున్న సంతకం అది. పెట్టినాక తల ఎత్తి చూశాడు, చూసినోళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని.

నూరుల్లా చూడలేదు. వాడు సెల్లులో ఆ గొంతు వింటున్నాడు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. నూరుల్లాకు ఇరవై రెండేళ్ళు. ఇంటర్ తప్పి, జియావుల్లా మామూ అంగడిలో కూర్చున్నాడు. సెల్లుకు ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన ఏడాది అది. ఆపేసిన నంబరుకు ఫోను చేస్తే ఒక అమ్మాయి గొంతు పలికేది. మీరు ప్రయత్నిస్తున్న చందాదారుడు ప్రస్తుతం అందుబాటులో లేరు, దయచేసి కొద్దిసేపటి తర్వాత ప్రయత్నించండి. రోజ్‌మిల్కులా చల్లగా, తియ్యగా ఉండేది. యాడుంటాదో, ఎట్లుంటాదో, కళ్ళకు సుర్మా పెట్టుకుంటాదో లేదో అని నూరుల్లా రాత్రంతా ఊహించుకునేవాడు. ఆమెకు మహమూదా అని పేరు కూడా పెట్టుకున్నాడు. దేశమంతా వినే గొంతు తనకోసమే దయచేసి అంటున్నట్టు ఉండేది వాడికి. ఆ మురిపెంలో పడి, ఎదురుగా ఒక మనిషి తన జన్మకంతా గొప్పగా నేర్చుకున్న నాలుగక్షరాలు రాస్తుంటే చూడలేదు.

చూసి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఆ అంగడికి ఇంకో పద్ధతి ఉంది. రెండు కాపీలు అడిగితే మూడు తీస్తారు. మూడు ఫోటోలు కావాల్సిన చోట నాలుగు అడుగుతారు. మిగిలినవి బల్ల కింద సొరుగులోకి పోతాయి. సిమ్ములు అమ్మడానికి అవి పనికొస్తాయి. మనిషిని కళ్ళారా చూసి, కాగితం సరిచూసి సిమ్ము ఇవ్వాలని రూలు ఉంది. రూలు రాసినోళ్ళు ఢిల్లీలో ఫ్యాను కింద ఉన్నారు. నెలకు ఇన్ని సిమ్ములు తెగాలని జియావుల్లా నెత్తిన కూర్చునే కంపెనీ మనిషి మాత్రం వారం వారం మోటారు సైకిల్లో దిగేవాడు. వాడు ఏనాడూ ఈ మనిషి ఉన్నాడా అని అడగలేదు. ఎన్ని అయినాయి అని అడిగాడు, అంతే. అంగడి ముద్ర లేని ఫారాలు కూడా మూటగట్టుకుని పోయేవాడు. వాళ్ళకు తలకాయలు కావాలి. ఆ తలకాయ కింద మెడ ఉంటుందని, ఆ మెడ మీద కత్తి పడుతుందని వాళ్ళకేం పట్టింది? ప్రతి ఊళ్ళోనూ ఇట్లాంటి సొరుగు ఒకటి ఉంటుంది. అందులో జనం ముఖాలు ఒకదానిమీద ఒకటి ఊపిరాడకుండా పడి ఉంటాయి.

లోను కాగితాలు అయిన వారానికి తెల్ల సుమోలో కృష్ణయ్య వచ్చాడు. ఊళ్ళో ఒక పార్టీ నాయకుడికి డ్రైవరు వాడు. ఒక సిమ్ము కావాల, నా పేరుండకూడదు అన్నాడు. జియావుల్లా మామూ కళ్ళతోనే సొరుగు చూపించాడు. నూరుల్లా సొరుగు లాగి పైన ఏదుంటే అది తీశాడు. పగ లేదు, ఎంపిక లేదు. పైన ఉంది, తీశాడు. కుళ్లాయప్ప, తండ్రి పెద్ద ఓబన్న, ఊరు నల్లగుట్టపల్లె, వయసు నలభై ఆరు. ఫారం నింపి, సంతకం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొర్రెలు కాసేటాయనకు సంతకం యాడొస్తాదిలే అనుకుని, స్టాంపు ప్యాడు మీద తన ఎడమ బొటనవేలు అద్ది ఒత్తాడు.

సిమ్ము ఇచ్చిన పదకొండో రోజు జమ్మలమడుగు రోడ్డులో అవతలి పార్టీ నాయకుడి జీపు మీద బాంబులు పడ్డాయి. జీపు ఎప్పుడు బయల్దేరిందీ ఎవరో సెల్లులో చెప్పారు. ఆ నంబరు ఎవరిదని పోలీసులు కంపెనీని అడిగితే, కంపెనీ నిమిషంలో పేరు చెప్పింది. కుళ్లాయప్ప.

ఫోను యాడుంది రా అని రెండు రోజులు అడిగారట ఆయన్ని. ఆయన జన్మలో సెల్లు ముట్టుకున్నవాడు కాదు. ఏ చెవికి పెట్టుకోవాలో కూడా తెల్దు సామీ అన్నాడట. మూడో రోజు విడిచిపెట్టారు. విడిచిపెట్టిన సంగతి పేపర్లో పడింది, ఊరి పేరుతో, ఫోటోతో. ఆ ఫోటో యాడిదనుకున్నారు? సొరుగులోంచి సిమ్ము ఫారం మీదికెక్కిన నాలుగోదే. మర్నాడు పొద్దున గొర్రెలతో వంక దాటుతుంటే అవతలి పార్టీవాళ్ళు నరికారు. గొర్రెలు ఇంటికి వచ్చాయి. ఆయన రాలేదు.

ఆ రోజు ప్రొద్దుటూరులో ఒక్క కిళ్ళీ అంగడి కూడా మూయలేదు.

కుళ్లాయప్ప పెండ్లాం చిన్నసుబ్బమ్మ నాలుగో దినం ప్రొద్దుటూరుకు వచ్చింది. ఒక వకీలు పుణ్యాన దొరికిన, అంగడి ముద్ర లేని సిమ్ము ఫారం కాపీ ఆమె చేతిలో ఉంది. గుడ్డలో చుట్టిన స్టాంపు ప్యాడు కూడా ఉంది. సిమ్ములు అమ్మే ప్రతి అంగడికీ పోయి ఒకే మాట అడిగేది. మా ఆయప్ప సంతకం నేర్చుకున్యాడు, వేలిముద్ర ఏసే మనిషి గాదు, మీ వేలు ఒకసారి ఈడ ఒత్తండప్పా అని. వెయ్యం అని చెప్పినవాళ్ళు లేరు. వేసినవాళ్ళూ లేరు. కొందరు కసిరారు, కొందరు టీ ఇప్పించి పంపారు.

ఆమె నూరుల్లా ముందుకు వచ్చి నిలబడ్డప్పుడు వాడి ఎడమచెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయింది. ఆ ఫారం మీది ఫోటో వాణ్ణే చూస్తోంది. జియావుల్లా మామూ అడ్డం వచ్చి, మా అంగడిలో ఇట్లాంటివి జరగవు, పోమ్మా అన్నాడు. ఆమె పోలేదు. కుళ్లాయప్ప తమ్ముడు ఓబులయ్య పులివెందుల తట్టు గండి గుడి కాడ దాక్కున్నాడని, ఆ ఇల్లంతా వార్తలు మోసే ఇల్లేనని అవతలివాళ్ళు కక్షగట్టినారని చెప్పింది. ఆ పార్టీ పెద్దమనుషుల కాళ్ళు పట్టుకుంటే ఒక్క మాట ఇచ్చారట. ఆ వేలు ఎవరిదో తెచ్చి చూపిస్తే ఓబులయ్యను వదిలేస్తామన్నారట. లేకుంటే మా నాయకుడు పోయిన దినమే వాడూ పోతాడన్నారట.

బాంబుల్లో దెబ్బతిన్న ఆ నాయకుడు అప్పటికి ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉన్నాడు.

"నీ ముఖం మంచి ముఖం అబ్బోడా," అంది చిన్నసుబ్బమ్మ. "నీకు తెలిస్తే చెప్తావు గదా."

నూరుల్లా తల ఊపాడు.  అయినా చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో వాడికి తెలుసు. వంకలో ఏం జరిగిందో పేపర్లో చదివాడు.

కుళ్లాయప్ప పోయిన తొమ్మిదో రోజు ఆ నాయకుడు చచ్చిపోయాడు. ప్రొద్దుటూరు బందు. బస్సులు లేవు, ఆటోలు లేవు. టైర్లు కాలిన వాసన. మధ్యాహ్నం రెండు దాటినా ఎండకు రోడ్డు తెల్లగా, తుడిచిపెట్టినట్టు ఉంది. శవాన్ని లారీ మీద ఊరంతా తిప్పుతున్నారు, మైకులో నినాదాలు దూరంగా వినిపిస్తున్నాయి. మట్టి చేసేది నాలుగు గంటలకు. అప్పటిలోపల ఓబులయ్య కథ కూడా ముగిస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు. రెండు జీపులు అప్పుడే గండి వైపు పోయాయట.

జియావుల్లా మామూకు మాత్రం భయం వేరే. ఇదంతా అయినాక పోలీసులు అంగళ్ళు వెతుకుతారు, పోయి ఆ సొరుగులో కాగితాలన్నీ కాల్చిపెట్టి రా అని నూరుల్లాను పంపాడు.

నూరుల్లా షట్టరు మోకాటి ఎత్తు లేపి లోపలికి దూరాడు. బయటి ఎండకు కళ్ళు చెదిరి ముందు ఏమీ కనిపించలేదు. కరెంటు లేదు. పొద్దుటినుంచే ఊరంతా తీసేశారు. కింది సందులోంచి నేల మీద ఒక చారెడు వెలుతురు, మిగతాదంతా చీకటి. కాగితం వాసన, ఇంకు పొడి వాసన... వాటి వెనక ఇంకేదో. తడిసిన ఉన్ని వాసన. నలభై మంది గొర్రెలోళ్ళు వచ్చిపోయి నెల దాటింది. ఆ వాసన ఇంకా యాడుంటాది?

సొరుగు లాగాడు. కాగితాలు రెండు చేతుల్తో పెళ్ళగించి నేల మీద కుప్ప పోశాడు. ముఖాలు, ముఖాలు. అగ్గిపెట్టె తీశాడు.

అప్పుడు బల్ల మీద అంగడి సెల్లు మోగింది.

నంబరు చూశాడు. చేతిలో అగ్గిపెట్టె కింద పడింది. ఆ నంబరు వాడికి నోటికి వచ్చు. తనే ఇచ్చిన నంబరు. సిమ్ము విరిచి పెన్నేట్లో పారేసినానని కృష్ణయ్య వారం కిందటే చెప్పాడు.

మోగనీ అనుకున్నాడు. అది మోగుతూనే ఉంది. ఆ ఖాళీ వీధిలో ఎవరైనా వింటారని భయమేసి, ఎత్తాడు.

ముందు గాలి. ఎత్తైన చోట, చెట్లు లేని చోట వీచే గాలి. తర్వాత మెడ గంటలు... ఒకటి, రెండు, చాలా. దూరంగా ఎవరో నాలుక ఆడించి మందను మళ్ళించే చప్పుడు. తర్వాత అన్నీ ఆగిపోయాయి.

మహమూదా పలికింది.

అదే గొంతు. అంతే తియ్యగా, అంతే చల్లగా.

"కుళ్లాయప్ప. తండ్రి పేరు పెద్ద ఓబన్న. ఊరు నల్లగుట్టపల్లె. వయసు నలభై ఆరు. సంతకం..."

ఆగింది.

నూరుల్లా ఊపిరి బిగబట్టాడు. ఆ పక్క కూడా ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంది.

"కుళ్లాయప్ప," అంది మళ్ళీ మొదటినుంచి. "తండ్రి పేరు పెద్ద ఓబన్న. ఊరు నల్లగుట్టపల్లె. వయసు నలభై ఆరు. సంతకం..."

వాడు ఫోను నొక్కేశాడు. గొంతు ఆగలేదు. వెనక మూత ఊడదీసి బ్యాటరీ లాగేశాడు. బ్యాటరీ అరచేతిలో వెచ్చగా ఉంది. ఫోను బల్ల మీద ఉంది.

"...సంతకం... దయచేసి..."

ఇన్నాళ్ళుగా ఆ దయచేసి కోసం ఎన్నిసార్లు ఫోను చేశాడో వాడికే లెక్క తెలియదు. ఇప్పుడు ఆ మాట వినబడకుండా రెండు చెవులూ మూసుకున్నాడు.

వెనక ఏదో వెలిగింది.

తిరిగి చూశాడు. జిరాక్సు మిషను. మూత వేసే ఉంది. మూత అంచు కింద పచ్చటి వెలుతురు ఎడమనుంచి కుడికి మెల్లగా పోయింది... మళ్ళీ వెనక్కి వచ్చింది. కరెంటు లేదు. వాడు గోడ మీది స్విచ్చు చూశాడు, ఆపే ఉంది. మిషను ఒక కాగితాన్ని బయటికి ఉమ్మింది.

తెల్ల కాగితం. మధ్యలో నీలం సిరాతో ఒక్క అక్షరం. 'కు'.

ఆ మిషనుకు నలుపు తప్ప ఇంకో రంగు లేదు.

ఇంకో కాగితం. 'కుళ్లా'. అక్షరం వంకరగా ఉంది, పెన్ను గట్టిగా ఒత్తినట్టు కాగితం అవతలికి పొడుచుకుని ఉంది. తొందర లేదు. రాసేవాడికి బోలెడంత సమయం ఉంది. 'కుళ్లాయ'... ఆ రోజు బల్ల మీద వంగి ఎంత మెల్లగా రాశాడో అంత మెల్లగా. ఆ రోజు తను చూడలేదు. ఇప్పుడు చూపిస్తున్నాడు. తల తిప్పుకోవాలనుకున్నాడు నూరుల్లా... మెడ తిరగలేదు. పూర్తి సంతకం వచ్చింది. అది ఆగలేదు. అదే సంతకం మళ్ళీ, మళ్ళీ, ఒక్కో కాగితం మీద ఇంకాస్త పెద్దగా, పెన్ను ఇంకాస్త గట్టిగా. నేల మీది కుప్ప మీద పడుతున్నాయి. ఆ అక్షరాల్లో కోపం ఉంది. బతికుండగా ఎవరిమీదా గొంతు ఎత్తని మనిషి, చచ్చినాక ఎత్తుతున్న గొంతు అది. నా పేరు నేను రాసుకోగలను. రాసుకోగలను. రాసుకోగలను.

నూరుల్లా షట్టరు వైపు పాకాడు.

సందు కింద రెండు పాదాలు. పగిలిన మడమలు, కాలికి వెండి కడియం. ఆ మనిషి వంగి లోపలికి వచ్చింది. చిన్నసుబ్బమ్మ.

నల్లగుట్టపల్లె నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, పెదాలు పగిలి ఉన్నాయి. ఆమె మిషను వైపు చూడలేదు, అది అప్పటికి ఆగిపోయింది. చీకట్లో వాడి వైపే చూస్తూ ఫారం, గుడ్డ మూట బల్ల మీద పెట్టింది. ఇంకా అడగని అంగళ్ళు మూడే మిగిలినాయని, అన్నీ మూసి ఉన్నాయని, ఇదొక్కటే లేపి ఉంటే మళ్ళీ వచ్చినానని చెప్పింది. జీపులు పోయినాయంట, నాలుగు గంటలకు మట్టి చేస్తారంట అంది. ఏడవలేదు. ఏడిచే ఓపిక దాటిపోయిన మనిషి ముఖం అది.

"నా మొగుడు పోయినాడు," అంది. "రాడు. వాని తమ్మునికి పెండ్లి కూడా కాలేదు అబ్బోడా. నీకు తెలుసా తెల్దా, ఒక్క మాట చెప్పు. ఇంగ అడగను."

నూరుల్లా గోడకు ఆనుకుని లేచాడు. లోపలెక్కడో ఇంకా ఒక చిన్న పిరికివాడు మిగిలి ఉన్నాడు. వాడే నోరు తెరిచాడు. గుసగుసగా, ఆమెకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా అన్నాడు.

"నాకేం తెల్దమ్మా."



తర్వాత పక్క అంగడిలోంచి, మూసిన షట్టరు వెనకనుంచి, ఒక గొంతు. నాకేం తెల్దమ్మా. ఎదురు మేడ మీదనుంచి. నాకేం తెల్దమ్మా. సందు చివర పోలీసు జీపులోంచి, మందుల అంగడి లోపలనుంచి, ఇంట్లో ఎవరి దిండు కిందనుంచో, ఎవరి జేబులోంచో. ఊళ్ళో ఉన్న ప్రతి సెల్లులోంచి. అన్నీ నూరుల్లా గొంతే. వాడి వణుకు కూడా అట్లే ఉంది. దూరంగా శవం లారీ మీద మైకులో నినాదాలు టక్కున ఆగిపోయాయి. ఆ మైకు కూడా, ఎండ నిండిన ఆ ఊరంతటికీ వినబడేట్టు పలికింది.

నాకేం తెల్దమ్మా.

కిటికీలు తెరుచుకున్న చప్పుళ్ళు. ఎవుర్రా అది, ఎవుర్రా మాట్లాడేది అని అరుపులు.

చిన్నసుబ్బమ్మ కదల్లేదు. బల్ల మీద బ్యాటరీ లేని ఫోను వెలుగుతోంది. ఆ వెలుతురులో ఆమె ముఖం కింది సగమే కనిపిస్తోంది. ఆమె పెదాలు కదలలేదు. కానీ ఫోనులోంచి మహమూదా గొంతు కాదు, ఇంకెవరిదో, ఎండకు కాలిన ఒక పెద్దాయన గొంతు, ఎంతో ఓపికగా అడిగింది.

"చెప్పు అబ్బోడా. ఈపొద్దు అందరూ ఇంటాండారు."

గడియారం మూడు దాటింది. గండి దాకా దూరం ఎంతో వాడికి తెలుసు. జీపులు ఇంకా పోతూనే ఉంటాయి. వాళ్ళ జేబుల్లోనూ సెల్లులు ఉంటాయి. వాళ్ళూ వింటారు. విన్నాక బండ్లు ఎటు తిప్పుతారో కూడా వాడికి తెలుసు.

నూరుల్లా ఎడమచెయ్యి జేబులోంచి తీశాడు. వాడు ప్యాడు ముట్టుకోలేదు. అయినా బొటనవేలు నీలంగా, తడిగా ఉంది.

వాడు ఫోను దగ్గరికి వంగాడు. ఈసారి గుసగుసగా కాదు. ఊరంతా వినేట్టు, గండి దాకా వినేట్టు, గొంతు చించుకుని చెప్పాడు.

"ఆ వేలు నాదే. కుళ్లాయప్పకు సంతకం వచ్చు. ఆయప్ప సెల్లు ముట్టలేదు, ఎవురికీ ఏమీ చెప్పలేదు. ఆయప్ప కాగితం దొంగతనంగా దాచిపెట్టి, ఆ సిమ్ము కృష్ణయ్యకు ఇచ్చింది నేనే. నూరుల్లాను. పాత బస్టాండు సందులో, జిరాక్సు అంగట్లో ఉండాను."